సగం సినిమాకి ఫుల్ టికెట్టా?

పాత తెలుగు సినిమాల్లో చివర్న ఒక కార్డు పడేది, గుర్తుందా? ‘శుభం’ అని. హీరో హీరోయిన్లు, అమ్మానాన్నలు, కమెడియన్, ఒక్కోసారి మారిపోయిన విలన్ కూడా, అందరూ వరసగా నిలబడి నవ్వుతుంటే దాని మీద ఆ అక్షరాలు పడేవి. మా తరం టీవీలో చూసి ఎగతాళి చేసిన కార్డు అది. ఈ మధ్య ఆ కార్డు విలువ నాకు తెగ తెలిసొస్తోంది. ఎందుకంటే ఇప్పుడు పెద్ద సినిమా చూసి బయటికొచ్చేటప్పుడు, అసలు సినిమా అయిపోయిందో లేదో పక్కవాణ్ని అడిగి తెలుసుకోవాల్సి వస్తోంది.

ముందే చెప్పేస్తున్నా. నేను రివ్యూయర్‌ని కాదు. కెమెరా యాంగిల్స్, కలర్ గ్రేడింగ్ నాకు తెలీవు. నెలకి ఒకటో రెండో సినిమాలు జేబులో డబ్బుతో చూసేవాణ్ని. హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో మామూలు రోజున టికెట్ 295. పెద్ద సినిమా మొదటి వారం అయితే ఆ పైన ఎంతో ఆ జీవో దయ. ఇంట్లో నలుగురం వెళ్లి పాప్‌కార్న్ కూడా కొంటే రెండు వేలు దాటకుండా ఆపడం కష్టం. అంత పెట్టాక నేను అడిగేది ఒక్కటే: మొదలుపెట్టిన కథని పూర్తి చేసి పంపండి బాసూ.

2024 దసరా సెలవులకి ఊరెళ్లినప్పుడు నాన్నని ‘దేవర’కి తీసుకెళ్లా. మా ఊరి థియేటర్, బాల్కనీ, ఫ్యాన్ కింద సీటు. ఎన్టీఆర్ సముద్రంలోకి దూకినప్పుడల్లా నాన్న కూడా సీట్లో కొంచెం ముందుకి జరిగాడు. దాదాపు మూడు గంటల సినిమా. చివర్లో ఒక పెద్ద ప్రశ్న వేసి, తెర మీద పేర్లు పడటం మొదలైంది. నాన్న అటూ ఇటూ చూసి, “కరెంటు పోయిందేంట్రా?” అన్నాడు. ఇది మొదటి భాగమే, మిగతాది తర్వాత వస్తుందని చెప్పా. “ఎప్పుడు?” అన్నాడు. నా దగ్గర సమాధానం లేదు. పోస్టర్ మీద ‘పార్ట్ 1’ అని రాసే ఉంది, అబద్ధం చెప్పలేదు నిజమే. కానీ టికెట్ మీద సగం ధర రాసి లేదు కదా.

‘సలార్’ 2023 డిసెంబర్ 22న వచ్చింది. ‘పార్ట్ 1: సీజ్‌ఫైర్’. ఖాన్సార్ అనే ఊరి లెక్కలు, తెగలు, కుర్చీలు, ఓటింగు, అన్నీ బుర్రకెక్కించుకునేసరికి సినిమా అయిపోయింది. అసలు దేవా ఎవరో తెలిసిన నిమిషానికి లైట్లు వేసేశారు. రెండో భాగం పేరు ‘శౌర్యాంగ పర్వం’ అని కూడా చెప్పారు. ఇది రాస్తున్న రోజుకి అది థియేటర్‌కి రాలేదు. ఇప్పుడు నన్ను ఆ తెగల పేర్లు అడగండి, ఒక్కటీ రాదు. ‘కల్కి 2898 ఏడీ’ సంగతి ఇంకా విచిత్రం. టైటిల్లో ‘పార్ట్ 1’ అనే మాటే లేదు. 2024 జూన్ 27న వెళ్లి, మూడు గంటలు కూర్చుని, అశ్వత్థామగా అమితాబ్‌ని చూసి ఈలలు వేసి, కమల్‌హాసన్ ఇప్పుడు విజృంభిస్తాడు అనుకునే టైముకి ‘ఇంకా ఉంది’ అన్నారు. ఆ సినిమా నాకు నచ్చింది, అది వేరే విషయం. కాంప్లెక్స్ డిజైన్, బుజ్జి కారు, చివరి అరగంట చూస్తే మన దగ్గర ఇంత తీయగలరా అనిపించింది. అందుకే కోపం కూడా ఎక్కువొచ్చింది. బాగా వండిన బిర్యానీ ప్లేటు ముందు నుంచి సగంలో లాక్కుంటే వచ్చే కోపం అది.

రెండు భాగాలుగా తీయడమే తప్పని నేను అనట్లేదు. ‘బాహుబలి’ కూడా అలాగే వచ్చింది కదా అంటారు. వచ్చింది. కానీ 2015 జూలై 10న మొదటి భాగం చూసి బయటికొచ్చినప్పుడు ఒక యుద్ధం పూర్తిగా చూసొచ్చాం. కాలకేయుడు చచ్చాడు, మాహిష్మతికి రాజు ఎవరో తేలింది. ఆ తర్వాత కట్టప్ప ప్రశ్న వేశారు. అంటే భోజనం పెట్టి, కిళ్లీ చేతిలో పెట్టి, రేపు మళ్లీ రమ్మన్నారు. ‘కేజీఎఫ్’ మొదటి భాగంలో గరుడ కథ అందులోనే ముగిసింది. ‘పుష్ప: ది రైజ్’లో కూలీ సిండికేట్ నడిపేవాడయ్యాడు, శ్రీవల్లితో పెళ్లయింది. ఫహాద్ ఫాజిల్ లేటుగా దిగి తర్వాతి గొడవకి తాంబూలం ఇచ్చాడు. ‘హనుమాన్’ కూడా అంజనాద్రి కథని పూర్తి చేశాకే ‘జై హనుమాన్’ అని బోర్డు పెట్టింది. వీటిలో దేనికీ రెండో భాగం రాకపోయినా, మొదటిది మళ్లీ చూడొచ్చు. నేను పెట్టుకున్న పరీక్ష అదే. రెండోది ఎప్పటికీ రాదని తెలిసినా ఈ సినిమాని ఫ్రెండ్‌కి చూడమని చెప్తానా? ‘సలార్’, ‘దేవర’ నా దగ్గర ఈ పరీక్షలో ఫెయిల్. ఫ్యాన్స్ తిట్టుకోండి, పర్లేదు.

ఇంకో తమాషా చూడండి. పదేళ్ల తర్వాత, 2025 అక్టోబర్ 31న, బాహుబలి రెండు భాగాలూ కలిపి ‘ది ఎపిక్’ పేరుతో ఒకే సినిమాగా వదిలారు. దాదాపు మూడు గంటల నలభై ఐదు నిమిషాలు. జనం వెళ్లారు, చివరిదాకా కూర్చున్నారు. మనకి ఓపిక లేదు, రీల్స్‌కి అలవాటు పడ్డాం అని తెగ అంటుంటారు కదా, మరి వీళ్లంతా ఎవరు? ‘పుష్ప 2’ మూడు గంటల ఇరవై నిమిషాలుంటే చూశాం. 2025 జనవరిలో ఇంకో ఇరవై నిమిషాలు కలిపి మళ్లీ వదిలితే దానికీ వెళ్లినవాళ్లున్నారు. గంగమ్మ జాతర ఎపిసోడ్ ఇంకో పది నిమిషాలున్నా నాకు ఓకే. నిడివితో మనకి పేచీ లేదు. మూడున్నర గంటలైనా కూర్చోగలం, చివరికి ఏదో ఒకటి తేలితే.

నిర్మాతల లెక్క నాకు అర్థం కాక కాదు. సెట్ ఒకసారి వేస్తారు, ప్రపంచం ఒకసారి కడతారు, ఓటీటీ, శాటిలైట్ హక్కులు రెండుసార్లు అమ్ముతారు. మొదటి భాగం ఆడితే రెండో దానికి పబ్లిసిటీ ఫ్రీ. వ్యాపారంగా భలే ఉంటుంది. కానీ మధ్యలో హీరోకి ఇంకో మూడు సినిమాలుంటాయి. పుష్ప రెండు భాగాల మధ్య దాదాపు మూడేళ్లు పట్టింది. ఇంటర్ సెకండ్ ఇయర్లో మొదటి భాగం చూసిన మా పిన్ని కొడుకు రెండోది వచ్చేసరికి బీటెక్ ఫైనలియర్‌కి దగ్గర్లో ఉన్నాడు. వాడి ఇంటర్వెల్ మరీ పెద్దదైపోయింది.

అందుకే ఈ రెండేళ్లలో నేను మెల్లగా థ్రిల్లర్ల వైపు జరిగిపోయా. థ్రిల్లర్ తీసేవాడికి తప్పించుకునే దారి లేదు. హంతకుడెవరో మొదటి భాగంలో చెప్పను, రెండేళ్లాగి రండి అన్నాడంటే జనం థియేటర్లోనే పట్టుకుని కొడతారు. బడ్జెట్ ఎంత చిన్నదైనా, హీరో ఎవరైనా, వాడు ఆఖరి రీల్లో లెక్క అప్పజెప్పాల్సిందే.

2024 దీపావళి గుర్తు తెచ్చుకోండి. అక్టోబర్ 31న ఒకే రోజు ‘లక్కీ భాస్కర్’, ‘క’ వచ్చాయి. పక్కన ‘అమరన్’ కూడా. లక్కీ భాస్కర్‌లో ఫైట్లు లేవు, చేజింగులు లేవు. బొంబాయిలో ఒక బ్యాంకు క్యాషియర్, చాలని జీతం, ఆ కాలపు స్టాక్ మార్కెట్ గోల్‌మాల్. లెడ్జర్లు, డబ్బు కట్టలు చూపించి చెమటలు పట్టించాడు వెంకీ అట్లూరి. దుల్కర్ మనవైపు తిరిగి మాట్లాడుతుంటే బ్యాంకు పనులు రానివాడికి కూడా వడ్డీ లెక్కలు అర్థమయ్యాయి. పైగా అది ఆట ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం గురించిన సినిమా, ఆపాల్సిన చోటే ఆగింది కూడా. ‘క’లో కిరణ్ అబ్బవరం ఊళ్లోవాళ్ల ఉత్తరాలు చదివేసే పోస్ట్‌మ్యాన్. చుట్టూ కొండలుండి మధ్యాహ్నమే చీకటి పడిపోయే ఊరు. మొదటి సగం నాకు కాస్త లాగినట్టే అనిపించింది. పాటలు రెండు తీసేసినా నష్టం లేదు. కానీ చివరి ఇరవై నిమిషాలు చూశాక, అంతసేపు నన్ను ఎందుకు కూర్చోబెట్టారో అర్థమైంది. ఆ రెండూ నాలుగు వారాల్లో, నవంబర్ 28నే, ఓటీటీలోకి వచ్చేశాయి, ఒకటి నెట్‌ఫ్లిక్స్‌లో, ఇంకోటి ఈటీవీ విన్‌లో. థియేటర్‌లో చూసినవాడు కూడా మళ్లీ చూశాడంటే ట్విస్ట్ ఒక్కటే కాదు, కథ కూడా ఉన్నట్టు.

‘కోర్ట్’ని థ్రిల్లర్ అనాలో లేదో తెలీదు గానీ, ఈ మధ్య థియేటర్లో నేను గోళ్లు కొరికిన సినిమా అదే. 2025 మార్చి 14న వచ్చింది. వైజాగ్‌లో ఒక వాచ్‌మ్యాన్ కొడుకు, ఒక పెద్దింటి అమ్మాయి, పోక్సో కేసు. ఆ అబ్బాయి నిర్దోషి అని మనకి మొదటి నుంచీ తెలుసు. దాచిపెట్టిన హంతకుడు లేడు, ముసుగు లేదు. అయినా ప్రియదర్శి లేచి ప్రశ్న అడిగినప్పుడల్లా హాలంతా నిశ్శబ్దం. శివాజీ మంగపతిగా ఒక్కో మాట అంటుంటే నా వెనక సీట్లో ఒక పెద్దావిడ బాహాటంగానే తిట్లందుకుంది. కోర్ట్ నచ్చకపోతే నా ‘హిట్ 3’ చూడకండి అని నాని స్టేజీ మీద పందెం కాశాడు. కోర్ట్ నచ్చింది కాబట్టి హిట్ 3కీ వెళ్లా.

అక్కడే కొంచెం పేచీ. హిట్ సిరీస్‌లో నాకు నచ్చేది ఏంటంటే, ఒక్కో సినిమాలో ఒక కేసు, ఒక ఆఫీసరు. విశ్వక్ సేన్ కేసు తేలాక (ఆయన గతం మాత్రం అప్పు పెట్టారు, శైలేష్ కొలను గారూ, మేం మర్చిపోలేదు) అడివి శేష్ వచ్చాడు, తర్వాత నాని. చివర్లో కొత్త ఆఫీసర్‌ని చూపిస్తారు గానీ, మనం చూసిన కేసు ఫైలు మూసేస్తారు. సీక్వెల్ అంటే ఇలా ఉండాలి. కానీ మూడోదానికొచ్చేసరికి ఆధారాలు వెతకడం తగ్గి, నరకడం పెరిగింది. అర్జున్ సర్కార్ గొడ్డలి పట్టాక ల్యాబ్ రిపోర్ట్ ఎవడిక్కావాలి? ‘ఏ’ సర్టిఫికెట్ అని ముందే చెప్పారు, ఒప్పుకుంటా. కానీ మొదటి ‘హిట్’లో ఔటర్ రింగ్ రోడ్డు మీద మాయమైన అమ్మాయి కోసం వెతుకుతుంటే వచ్చిన దడ, ఇందులో అంతమందిని నరికినా రాలేదు. థ్రిల్లర్‌కి బ్లాక్‌బస్టర్ చొక్కా తొడిగితే భుజాల దగ్గర బిగిసిపోతోంది.

థ్రిల్లర్లన్నీ మంచివని కూడా కాదు. వారానికి ఒకటి ఓటీటీలో పడుతుంటే ఫార్ములా మనకే వచ్చేసింది. ఇంటర్వెల్‌కి ఎవరి మీద అనుమానం వస్తే వాడు కాదు. పేరున్న నటుడికి మొదటి గంటలో రెండే డైలాగులుంటే వాడే. ఆఖర్లో చిన్నప్పుడు స్కూల్లో ఏం జరిగిందో పదిహేను నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. హీరోకి రాత్రిళ్లు నిద్ర పట్టదు, మందు తాగుతాడు, భార్య ఫొటో చూస్తాడు. మా రూమ్మేట్ అయితే టైటిల్ కార్డ్స్‌లో పేర్లు చూసే హంతకుణ్ని చెప్పేస్తున్నాడు. వాడితో సినిమా చూడటం మానేశా.

ముగింపు ఎంత ముఖ్యమో ‘శుభం’ అనే సినిమానే తీశారు తెలుసా? సమంత నిర్మించింది, 2025 మే 9న వచ్చింది. రాత్రి తొమ్మిదయ్యేసరికి భార్యలు సీరియల్ ముందు దెయ్యం పట్టినట్టు కూర్చుంటారు. గొడవంతా ఆ సీరియల్ ముగింపు చుట్టూనే. చూస్తున్నంతసేపూ పగలబడి నవ్వా. తర్వాత ఆలోచిస్తే, ఖాన్సార్ కోసం ఎదురుచూస్తున్న మా గ్యాంగ్ కూడా చివరికి అలాగే తయారయ్యేలా ఉంది.

మొదటి రోజే చూడాలనే తొందర కూడా నాకు లేదు. ‘పుష్ప 2’ ప్రీమియర్ రాత్రి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది. సినిమాకని పిల్లలతో వచ్చిన మనిషి. ఆ తర్వాత నాకెవరైనా ప్రీమియర్ పాస్ ఇస్తానన్నా మనసు రావట్లేదు. సోమవారం సాయంత్రం షోకి కూడా అదే సినిమా వేస్తారు. ఫోన్లో స్పాయిలర్ తగులుతుందని భయమా? నాలుగు రోజులు యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ వైపు చూడకండి, అంతే. ‘ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ అని ఎర్ర బాణం గుర్తేసి మొత్తం మొహం మీదే రాసేస్తున్నారు దరిద్రులు.

ఈ శని, ఆదివారాలు ఇంట్లోనే ఉంటే రెండు సినిమాలు చెప్తా, రెండూ పక్క భాషలవే, తెలుగు ఆడియో ఉంది. ఒకటి ‘మహారాజ’. విజయ్ సేతుపతికి 50వ సినిమా. తన ఇంట్లో చెత్తబుట్ట పోయిందని పోలీస్ స్టేషన్‌కెళ్లి ఫిర్యాదు చేసే మంగలాయన కథ. నవ్వుకుంటూ మొదలుపెడతారు, ఎంతసేపు నవ్వుతారో చూద్దాం. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు. రెండోది ‘కిష్కింధ కాండం’, మలయాళం. అడవి పక్కన ఇల్లు, చుట్టూ కోతులు, మతిమరుపు ముదురుతున్న రిటైర్డ్ మిలిటరీ పెద్దాయన, కనిపించకుండా పోయిన ఆయన తుపాకీ. అరుపుల్లేవు, మొదటి అరగంట నిదానంగా వెళ్తుంది, ఫోన్ తీశారా పోయినట్టే, మళ్లీ వెనక్కి జరుపుకోవాలి. రెండిట్లో ముందు ఏది అంటే కిష్కింధ కాండం శనివారం రాత్రి, అందరూ పడుకున్నాక, ఇయర్‌ఫోన్స్‌తో. మహారాజ ఆదివారం మధ్యాహ్నం, భోజనం చేశాక. భోజనానికి ముందు మాత్రం వద్దు.