ఉఫ్‌మని ఊదితే బాగవుతుందా?

కోరుకొండ తీర్థంలో కొన్న టీవీ గేమ్ గుర్తుందా? 1983 నాటి నింటెండో ఫామికామ్‌కి నకలు. ఆడకపోతే క్యాసెట్ తీసి, ఉఫ్‌మని ఊది, మళ్ళీ పెట్టేవాళ్ళం. పనిచేసేది! నిజానికి బాగుచేసింది ఊదడం కాదు, తీసి పెట్టడం. నోటి తడికి లోపలి లోహం పాడవుతుంది, ఊదకండని నింటెండోనే చెప్పింది.

ఇప్పుడీ సోదెందుకంటే, మొన్న మా తమ్ముడి కంప్యూటర్ ఆన్ అవుతోంది గానీ మానిటర్లో ఏమీ రావట్లేదు. షాపువాడు "మదర్‌బోర్డు పోయింది, ఆరు వేలు" అన్నాడట. ఫోన్లోనే చెప్పా: ప్లగ్ పీకెయ్, ర్యామ్ తీసి బంగారు రంగు అంచు పొడిబట్టతో తుడువు, క్లిక్‌మనేదాకా నొక్కు. పది నిమిషాల్లో బొమ్మొచ్చింది!

ప్రతిసారీ ఇంత తేలిగ్గా తేలదు, ఒప్పుకుంటా. కానీ పర్సు తీసేముందు ర్యామ్ ఓసారి తీసి చూడండి. రోజూ సర్వర్లు రీస్టార్ట్ చేసే మనకి ఇదేం కొత్త?