గేటు దాటితే విద్యార్థి ఎవరి బాధ్యత?

బాలానగర్ నుంచి చింతల్, షాపూర్‌నగర్, జీడిమెట్ల, సూరారం మీదుగా గండిమైసమ్మ వైపు సాగే నర్సాపూర్ రోడ్డు ఒకప్పుడు ఫ్యాక్టరీ షిఫ్టుల రోడ్డు. ఇప్పుడు అదే రోడ్డు మీద లారీలతో పాటు కాలేజీ బస్సులు బారులు తీరుతున్నాయి. దుండిగల్, మైసమ్మగూడ, బాచుపల్లి చుట్టూ ఇంజనీరింగ్ కళాశాలలు వెలిశాయి. వాటిని ఆనుకొని ప్రైవేటు హాస్టళ్లు పుట్టుకొచ్చాయి. కళాశాలలో ల్యాబులున్నాయా, అధ్యాపకులు సరిపోతారా అని చూడటానికి ఏఐసీటీఈ, జేఎన్‌టీయూ, న్యాక్ ఉన్నాయి. ఆ విద్యార్థే రాత్రి తిని పడుకునే ప్రైవేటు హాస్టల్ ఈ మూడింటి తనిఖీలోకీ రాదు. విద్యార్థుల ఆరోగ్యం, భద్రత గురించి ఎన్ని మార్గదర్శకాలు వచ్చినా అవి కాగితం దాటకపోవడానికి ముఖ్య కారణం ఈ ఖాళీయే. కళాశాల గేటుకూ హాస్టల్ గేటుకూ మధ్య విద్యార్థి ఎవరికీ చెందడు.

గేటు దాటాక మాకు సంబంధం లేదన్న వాదన న్యాయస్థానంలో నిలవదని ఈ ప్రాంతానికి ఎప్పుడో తెలిసి ఉండాలి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి లార్జీ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్లు వదిలినప్పుడు విహారయాత్రకు వెళ్లిన 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వారంతా బాచుపల్లిలోని వీఎన్‌ఆర్ విజ్ఞానజ్యోతి ఇంజనీరింగ్ కళాశాల పిల్లలే. ఒక్కో కుటుంబానికి 20 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని 2016లో తీర్పు చెప్పిన హిమాచల్ హైకోర్టు అందులో 60 శాతం భారం విద్యుత్ బోర్డు మీద, 10 శాతం రాష్ట్ర ప్రభుత్వం మీద, 30 శాతం కళాశాల మీద పెట్టింది. తప్పు ప్రధానంగా నీళ్లు వదిలినవారిదే అయినా పిల్లల్ని పంపిన సంస్థకూ అందులో వాటా ఉందని తేల్చింది. అంత దూరాన జరిగినదానికే బాధ్యత ఉన్నప్పుడు, కళాశాలకు కూతవేటు దూరంలోని హాస్టల్ విషయంలో చేతులు దులుపుకోవడం ఎలా సాధ్యం?

మనసు సంగతికి వస్తే ఈ ఖాళీ మరింత ప్రమాదకరం. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలంది. వీటి పరిధిలోకి హాస్టళ్లనూ చేర్చింది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని, పరీక్ష తప్పడమే కారణంగా నమోదైన మరణాలు 2,248 అని అదే తీర్పు గుర్తుచేసింది. అంటే పరీక్షల ఒత్తిడి తగ్గిస్తే సరిపోతుందన్న మాట సగం నిజం కూడా కాదు. మిగతా కారణాలు ఒంటరితనంలో, అప్పుల్లో, అవమానాల్లో, ఇంటి కష్టాల్లో వెతకాలి. అవి తరగతి గదిలో బయటపడవు. కౌన్సెలర్ పగలు కళాశాలలో కూర్చుంటారు. కుంగిపోయిన పిల్లవాడు మెస్‌కు రావడం మానేశాడని, మంచం దిగడం లేదని ముందుగా తెలిసేది రూమ్మేట్‌కు, వంటమనిషికి, వార్డెన్‌కు. వాళ్లకు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. హాజరు 75 శాతానికి తగ్గితే ఇంటికి మెసేజ్ పంపే కళాశాల, ఎందుకు తగ్గిందని ఆరా తీయడం అరుదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు 2022 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. దాన్ని హాస్టల్ గోడ మీద రాయడానికి ఖర్చే లేదు.

శరీరం సంగతీ అంతే. తిండి, నీళ్లు, నిద్ర, గాలి అన్నీ హాస్టల్‌తో ముడిపడినవే. బల్క్ డ్రగ్, రసాయన పరిశ్రమల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో రాత్రిళ్లు వచ్చే ఘాటు వాసనల మీద నివాసులు ఏళ్లుగా ఫిర్యాదులు చేస్తున్నారు. కిటికీ మూసుకుంటే ఉక్క, తెరిస్తే వాసన. హాస్టల్ వంటగది 2006 నాటి ఆహార భద్రతా చట్టం కిందికి వస్తుంది. కానీ జ్వరాలో వాంతులో మొదలయ్యాకే అధికారులు తలుపు తట్టడం మామూలైంది. నెలకు 20 వేల రూపాయల లోపు అద్దెతో 90 రోజులు వరుసగా ఉంటే హాస్టళ్లకు జీఎస్టీ ఉండదని 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ సిఫారసు చేసింది. మంచి నిర్ణయం. పన్ను లెక్క కోసం హాస్టల్‌ను ఇంత వివరంగా నిర్వచించగలిగినవాళ్లు భద్రత కోసమూ నిర్వచించగలరు.

తమిళనాడు ఆ పని కొంత చేసింది. మహిళలు, పిల్లల హాస్టళ్లకు కలెక్టర్ లైసెన్సు తప్పనిసరి చేస్తూ 2014లో చట్టం తెచ్చింది. మనం అబ్బాయిల హాస్టళ్లనూ అందులో చేర్చి ఒక అడుగు ముందుకేయవచ్చు. లైసెన్సుతో పాటు ప్రతి హాస్టల్‌నూ సమీప కళాశాలతో జతచేయాలి. కౌన్సెలర్ వారంలో కొన్ని సాయంత్రాలు అక్కడికే వెళ్లాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. హైటెక్ సిటీలో ఐటీ కంపెనీలు, పోలీసులు కలిసి సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ ఏర్పాటు చేసుకున్నాయి. ఉద్యోగినుల కోసం షీ షటిల్ బస్సులు నడిపాయి. జీడిమెట్ల కూడా అదే సైబరాబాద్ పోలీసుల పరిధిలోనిదే. ఉద్యోగం వచ్చాక దక్కిన శ్రద్ధ, ఉద్యోగానికి చదువుతున్నప్పుడు ఎందుకు దక్కకూడదు?

పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు ఈ కాపలా ఏమిటని అడిగేవాళ్లున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. భద్రత పేరు చెప్పి అమ్మాయిలను సాయంత్రం ఆరింటికే లోపల పెట్టి తాళం వేసే అలవాటు మనకుంది. అయితే భద్రతను సాకుగా చూపి విద్యార్థినులకు వివక్షాపూరిత నిబంధనలు పెట్టరాదని యూజీసీ 2015 రెగ్యులేషన్లే స్పష్టం చేశాయి. తనిఖీ జరగాల్సింది హాస్టల్ యజమాని మీద, విద్యార్థి మీద కాదు. వంటగది, నీటి ట్యాంకు, మెట్లు, అగ్నిమాపక పరికరాలు, గదికి ఎంతమంది అన్నదే చూడాలి తప్ప ఎవరు ఎప్పుడు వచ్చారన్నది కాదు. ఖర్చు మాట మరింత బరువైనది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025లో ప్రైవేటు కళాశాలలు బంద్ దాకా వెళ్లాయి. ప్రభుత్వం ఆ బకాయిలు తీర్చాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ కౌన్సెలర్ జీతం బకాయిల మీద ఆధారపడేంత పెద్దది కాదు. లైసెన్సు వస్తే చిన్న హాస్టళ్లు మూతపడి పేద పిల్లలకు అద్దె పెరుగుతుందన్నది నిజమైన చిక్కు. అందుకే చిన్నవాటికి గడువు ఇవ్వాలి, రుసుము నామమాత్రంగా ఉంచాలి. ఇరుకు గదిలో ఇబ్బంది పడేదీ పేద విద్యార్థే కాబట్టి, అద్దె పేరుతో ప్రమాణాలనే వదిలేయడం అతనికి మేలు చేయదు.

జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వేయాలని సుప్రీంకోర్టు ఇప్పటికే ఆదేశించింది. మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టర్ వచ్చే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కు ముందే నర్సాపూర్ రోడ్డు వెంట ఉన్న హాస్టళ్లన్నింటి జాబితా తయారుచేయించి, తనిఖీ ఫలితాలతో సహా తల్లిదండ్రుల ముందు పెట్టాలి.