పరీక్షయు, దిద్దుబాటును

2010 ఏప్రిలులో స్వదేశనిర్మితమగు క్రయోజెనిక్ యంత్రముతో ప్రథమముగా శ్రీహరికోటనుండి బయలుదేరిన జి.యస్.యల్.వి. రాకెట్టు సముద్రము పాలయ్యెను. ఇంధనమును త్రోయు బూస్టరు పంపు నిలిచిపోయినదని విచారణలో తేలినది. 2013 ఆగస్టులో, ప్రయోగమునకు కొంచెము ముందు, రెండవదశలో ఇంధనము కారుట కనిపెట్టి రాకెట్టును నిలిపివేసిరి. 2014 జనవరి 5వ తేదీన విజయము చేకూరెను. ఇది అదృష్టఫలము గాదు. నడుమనున్న కాలమున పంపును సవరించి, మహేంద్రగిరిలో శూన్యస్థితిని కల్పించి, యంత్రమును మండించి చూచిరి.

పరీక్షించుట వేఱు, బలపడుట వేఱు. గండిపడిన చెరువుగట్టును ఎన్నిమారులు చూచి వచ్చినను గండి పూడదు. లోపమును కనుగొని, కారణమును తెలిసికొని, దిద్ది, మరల పరీక్షించినప్పుడే యంత్రముయొక్క విశ్వసనీయత వృద్ధియగును. 1964లో అమెరికాయందు జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోని డ్యూయేన్ అను ఇంజనీరు దీనిని లెక్కకు తెచ్చెను. లోపములను దిద్దుచుపోయినచో, రెండు వైఫల్యముల నడుమ సగటుకాలము మొత్తము పరీక్షాకాలముయొక్క ఒక ఘాతముననుసరించి పెరుగునని ఆయన చూపెను. ఆ ఘాతము 0.5 అయినచో, సగటు రెట్టింపగుటకు పరీక్షాకాలము నాలుగురెట్లు కావలెను; 0.3 అయినచో, పదిరెట్లు. కావున దిద్దుబాటు మందగించినకొలది వ్యయము పెరుగును. కాలమును, ధనమును మొదటనే కేటాయింపని ప్రణాళిక కాగితముమీది కోరికయే.

ఒక్క విజయమును చూచి మురియుటయు తగదు. ఒక యంత్రము నూటికి తొంబదిమారులు పనిచేయునని 90 శాతము నిశ్చయముతో చెప్పవలెనన్న, వైఫల్యమెరుగక వరుసగా 22 పరీక్షలు నెగ్గవలెను. రాకెట్లను అన్నిమారులు ఎగురవేసి చూచుట సాధ్యమా? అందుచేతనే నేలమీది పరీక్షలకు ఇంత ప్రాధాన్యము.

గగనయానమున మనుష్యులను మోయవలసిన సి.ఇ.20 యంత్రమును 2024 ఫిబ్రవరి నాటికి 39 మారులు మండించి, కావలసిన 6,350 సెకండ్లకు బదులు 8,810 సెకండ్లు నడిపిరి. ఇది శ్లాఘనీయము. కాని సెకండ్ల మొత్తమొక్కటియే చాలదు. ఏ లోపములు బయల్పడెను? వానిలో ఎన్ని దిద్దబడెను? దిద్దిన పిమ్మట యంత్రము ఎంతకాలము నిర్దోషముగా నడిచెను? ఏ యంత్రమునైనను ఈ మూడు ప్రశ్నలతోనే తూచవలెను.

సంపాదించిన విశ్వసనీయతయు శాశ్వతము గాదు. 2025 మే 18వ తేదీన, చిరకాలముగా మన్ననకెక్కిన పి.యస్.యల్.వి. తన 63వ ప్రయాణమున మూడవదశయందు పీడనము తగ్గి విఫలమయ్యెను. 2010 నాటి వైఫల్యకారణములను అంతరిక్షసంస్థవారు ప్రజలకు ప్రకటించిరి. ఆ సత్సంప్రదాయము ప్రతి వైఫల్యమునకును వర్తింపవలెనని మా అభిప్రాయము. వ్యయమగు ధనము ప్రజలది. ఎక్కి పోవువారు మన బిడ్డలు. దాచిన లోపము దిద్దబడదు. దిద్దబడని లోపము మరల తలయెత్తక మానదు.