తొడ కొడితే రైలు వెనక్కి పోయింది... నీళ్లు మాత్రం రాలేదు!

నాగార్జునసాగర్ దాటి మాచర్ల మీదుగా పోతే వెల్దుర్తి వస్తుంది. ఏటికి అటు పల్నాడు, ఇటు మన నల్లగొండ. పేరుకు సాగర్ పక్కనే గానీ వెల్దుర్తి మెట్ట పొలాలకు ఆ నీళ్లు ఎక్కవు. పత్తి, మిర్చి వేసి మొగులు దిక్కు చూసే రైతు దేవరకొండలో ఉన్నట్టే అక్కడా ఉన్నాడు. వరికపూడిశెల ఎత్తిపోతల పథకం కావాలని ఆ జనం దశాబ్దాలుగా అడుగుతున్నారు. 2023 నవంబర్‌లో మాచర్లలో దానికి శంకుస్థాపన కూడా చేశారు. రాయి వేసినంత తేలిగ్గా నీళ్లు వస్తాయా అన్నది ఎత్తిపోతల కథలు తెలిసిన మనల్ని ఎవరూ అడగనక్కర్లేదు.

ఇదీ పల్నాడు. మరి సినిమాలో ఉన్న పల్నాడు ఏది?

2003లో 'పల్నాటి బ్రహ్మనాయుడు' అనే సినిమా వచ్చింది. బాలకృష్ణ హీరో, బి.గోపాల్ దర్శకుడు. హీరో తొడ కొడితే రైలు వెనక్కి పోయింది. హాల్లో ఈలలే ఈలలు. అదే కాలంలో ఉమ్మడి రాష్ట్రంలో వానల్లేవు, బోర్లు ఎండాయి, పత్తి రైతు పురుగుమందు డబ్బా ఎత్తుకున్నాడు. తెర మీద మాత్రం సుమోలు, బాంబులు, మీసాలు. 1999లో 'సమరసింహారెడ్డి'తో డబ్బుల రుచి మరిగిన పెట్టుబడి ఏళ్ల తరబడి అదే గాడిలో తిరిగింది. సీమ అయిపోతే పల్నాడు. ఊరి పేరు మారింది, కత్తి మారలేదు. జనం ఒక కాలంలో బతుకుతుంటే సినిమా ఇంకో కాలంలో బతికింది.

పాత కథ చెప్పడమే తప్పా అని కొందరు అడుగుతారు. కానే కాదు. అసలు బ్రహ్మనాయుడు ఎవరో ఒకసారి గుర్తు చేసుకుందాం. 12వ శతాబ్దపు మాచర్ల మంత్రి. అన్ని కులాలనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించినవాడని పల్నాడు ఈనాటికీ చెప్పుకుంటుంది. మాల కన్నమదాసును కొడుకులా చూసుకుని సేనాపతిని చేసినవాడని పాడుకుంటుంది. కారంపూడిలో ఏటా జరిగే వీరారాధన ఉత్సవాల్లో ఆ చాపకూడు ఇప్పటికీ ఉంది. ఎనిమిది వందల ఏళ్ల కింద కులం గోడ మీద దెబ్బ వేసినవాడి పేరును 2003లో దేనికి వాడుకున్నారు? తొడ కొట్టడానికి! ఈ ఇద్దరు బ్రహ్మనాయుళ్లలో పాతకాలపు మనిషి ఎవరో చదువుకున్న విద్యార్థులు మీరే చెప్పండి.

ఇదే కథను గూడవల్లి రామబ్రహ్మం ఎప్పుడు ఎత్తుకున్నాడో చూడండి. 1938లో 'మాలపిల్ల', 1939లో 'రైతుబిడ్డ' తీసిన మనిషి ఆయన. అంటరానితనం మీద, జమీందార్ల మీద సినిమా తీయడానికి దమ్ము కావాల్సిన రోజులవి. 'పల్నాటి యుద్ధం' పూర్తి కాకముందే 1946లో కన్నుమూస్తే ఎల్.వి.ప్రసాద్ దాన్ని పూర్తి చేశాడు. ఆ సినిమా 1947లో వచ్చింది. దళితులకు గుడి తలుపులు తెరిచే చట్టం మద్రాసు రాష్ట్రంలో వచ్చిందీ ఆ ఏడే. అన్నదమ్ముల పాలు రెండు రాజ్యాలై కొట్టుకున్న కథ చూస్తున్న జనం ముందే దేశం రెండు ముక్కలైంది. కథ పాతదే, కానీ అడిగిన ప్రశ్న ఆనాటిది.

మన 'మా భూమి' కూడా అంతే. 1940ల నాటి సాయుధ పోరాటం కథ 1980లో వస్తే జనం నెలల తరబడి చూశారు. ఎందుకు? దొర గడీ అప్పటికీ కూలలేదు కాబట్టి!

మరి కాలంతో నడిచిన ప్రతి సినిమాకూ తోవ దొరికిందా? లేదు. అల్లాణి శ్రీధర్ 'కొమరం భీమ్' తీసింది 1990లో. నంది అవార్డులు ఇచ్చారు, థియేటర్లు మాత్రం ఇవ్వలేదు. విడుదలైంది 2010లో. ఇరవై ఏళ్లు! జల్, జంగల్, జమీన్ అన్న సినిమా డబ్బాలో మగ్గింది. రైలును వెనక్కి నెట్టిన సినిమాకు ఊరూరా హాళ్లు దొరికాయి. కాలానికి ఎదురు నడిచిన సినిమాలూ ఉన్నాయి, కాలాన్ని ఎగ్గొట్టిన సినిమాలూ ఉన్నాయి. ఏది జనం దాకా రావాలో జనం తేల్చలేదు, హాళ్లు చేతిలో ఉన్నవాళ్లు తేల్చారు.

పల్నాట కక్షలు లేవని మేం అనడం లేదు. 2024 ఎన్నికలప్పుడు మాచర్ల వైపు జరిగింది దేశమంతా చూసింది. మేం అడిగేది ఒక్కటే. ఆ కక్షలో చచ్చేది ఎవడు? నాయకుడి వెంట తిరిగిన కూలోడు, కౌలు రైతు. కేసుల చుట్టూ తిరిగేది వాడి తమ్ముడు. ఊరు విడిచి వలసపోయేది వాడి పెండ్లాం పిల్లలు. తొడ కొట్టే సినిమాలో వీళ్లు ఎక్కడ? సుమో కింద పడే లెక్కల్లో ఉన్నారు. పుల్లరి కట్టమని నిలబడి 1922లో తెల్లోడి తూటాలకు బలైన కన్నెగంటి హనుమంతుదీ పల్నాడే. ఆ పౌరుషం నచ్చలేదు, మీసం పౌరుషమే నచ్చింది.

ఇది పల్నాటి బాధ మాత్రమే అనుకుంటే పొరపాటు. మన యాసను జోకరుకూ రౌడీకీ అంటగట్టిన చేతులే పల్నాటి చేతికి బాంబు ఇచ్చాయి. వెనకబడ్డ ప్రాంతం ఏదైనా ఆ పెట్టుబడికి కామెడీ సరుకో, కత్తి సరుకో. మనం 2014లో రాష్ట్రం తెచ్చుకున్నాం. 2023లో 'బలగం' వస్తే ఊళ్లల్లో తెరలు కట్టుకుని చూసి ఏడ్చాం. జనం చూడరన్న మాట అబద్ధమని తేలిపోయింది. ఏటికి అవతల ఉన్న వెల్దుర్తికి ఆ 'బలగం' ఇంకా రాలేదు.

ఇప్పుడు పాత సినిమాలకు రంగులద్ది 4కేలో మళ్లీ వదులుతున్నారు. ఈల వేసే ముందు విద్యార్థులు, ఉద్యోగులు ఒక్క క్షణం ఆగండి. హాస్టళ్లలో, యూనియన్ ఆఫీసుల్లో 'మా భూమి' వేయండి, 'కొమరం భీమ్' వేయండి. తీసేవాళ్లను నిలదీయండి.

తొడ కొడితే రైలు వెనక్కి పోవచ్చు. వరికపూడిశెల నీళ్లు పైకి రావాలంటే తొడ చాలదు, మోటర్లు కావాలి, పైపులు కావాలి, కొట్లాడే జనం కావాలి. ఆ జనం కథ ఎవడు తీస్తాడో వాడే ఈ కాలపు సినిమావాడు.