కుదింపులో జారిపోయే చుక్కలు

అనంతపురం కరవుసీమవారికి పొదుపు కొత్త విద్య కాదు. కాని పాత వార్షిక సంచికలను స్కాను చేసి కంప్యూటరులో భద్రపరచేటప్పుడు ఏ పొదుపు మేలో విచారించాలి. 1977లో జివ్, లెంపెల్ చూపిన మార్గాన్ని అనుసరించే జిప్ పద్ధతి, పునరావృతమయ్యే వరుసలకు సంక్షిప్త సంకేతాలను ఉంచుతుంది. విప్పితే సర్వమూ యథాతథంగా లభిస్తుంది. జేపెగ్ అలా కాదు. కంటికి అనవసరమని తోచిన సూక్ష్మాంశాన్ని విసర్జిస్తుంది; అది తిరిగి రాదు. మన రెండు లిపుల ప్రాణమూ ఆ సూక్ష్మంలోనే ఉన్నది. ఉర్దూ ‘బే’కు క్రింద ఒక చుక్క, ‘పే’కు మూడు; తెలుగు ‘ద’ను ‘ధ’ చేసేది క్రింది చిన్న గీత. (ఆ గీతను మరచే విద్యార్థులకు జేపెగ్ కూడ తోడు కావలెనా!) మితిమీరి కుదిస్తే ముందు మసకబారేవి ఇవే. కాబట్టి కళాశాల సంఘంవారు మూలప్రతులను, జిప్ మార్గాన్నే అనుసరించే పి.ఎన్.జి. రూపంలో దాచాలి. చదువరుల సౌకర్యానికి చిన్న జేపెగ్ ప్రతులు వేరుగా చేసుకోవచ్చు.