పాటలు పది, కృతి యొక్కటి

కావ్యమును చదువుట వేఱు. కావ్యమందలి పద్యములను చదువుట వేఱు. తెలుగు పాఠము చెప్పు వారందఱును ఈ భేదము నెఱిగినవారే. పోతన భాగవతమందలి ప్రహ్లాద చరిత్రమునుండి పరీక్షకు పది పద్యములు నిర్ణయింతుము. విద్యార్థి వానికి ప్రతిపదార్థము వ్రాసి మార్కులు తెచ్చుకొనును. తండ్రికిని కొడుకునకును నడుమ మెట్టుమెట్టుగా పెరిగిన సంఘర్షణము మాత్రము అతని యనుభవమునకు రాకయే పోవును. ముప్పదియేండ్లుగా ఆ పద్యములు చెప్పుచున్న మేమును ఈ దోషమునకు అతీతులము కాము. సంగీతమునందును నేడిదే జరుగుచున్నది. ఫోనులో ఒక పాట మొదలగునంతలోనే వ్రేలు మఱియొక పాటపైకి పోవుచున్నది. ఇట్టి కాలమున, ముక్కలుగా వినిన స్వరూపమే దక్కని యొక రచనను గూర్చి ముచ్చటించుట అప్రస్తుతము కాజాలదు.

ఇంగ్లండు దేశపు పింక్ ఫ్లాయిడ్ బృందము 1973 మార్చిలో వెలువరించిన 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఆ రచన. చంద్రుని చీకటి పార్శ్వమని ఆ పేరునకు అర్థము. రోజర్ వాటర్స్, డేవిడ్ గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ అను నలువురు ఆ బృందమువారు. సాహిత్యమంతయు వాటర్స్ రచించెను. రాక్ సంగీతమును చిన్న పాటల పరిధి దాటించి దీర్ఘరచనలకు పూనుకొన్న శాఖను ప్రోగ్రెసివ్ రాక్ అందురు. ఒకే భావసూత్రమున పాటలన్నిటిని గ్రుచ్చిన రికార్డును కాన్సెప్ట్ ఆల్బమ్ అందురు. ఈ రచన రెంటికిని ప్రసిద్ధమైన ఉదాహరణము. కాలము, మృత్యువు, ధనము, కలహము - సామాన్య మానవుని మతి చలింపజేయు ఈ యొత్తిడులే దీని వస్తువు. ఆ బృందమునకు తొలి నాయకుడైన సిడ్ బారెట్ మనఃస్థితి చెదరగా 1968లో వైదొలగెను. ఆ వేదన నీడ యీ రచన తుదిభాగమున కానవచ్చును.

వస్తువు గొప్పదైనంత మాత్రమున రచనకు ఏకత్వము సిద్ధింపదు. అది కూర్పువలన సిద్ధించును. ఈ రచన గుండె చప్పుడుతో ఆరంభమై గుండె చప్పుడుతోనే ముగియును. అది నిజమైన గుండెది కాదు, డ్రమ్ముపై కల్పించినది. తొలి నిమిషముననే గడియారపు టిక్కులు, నాణెముల గలగల, పిచ్చినవ్వు వినవచ్చును. అవి యన్నియు రానున్న భాగములకు సూచనలు. నాటకమునకు నాంది యెట్టిదో ఈ రచనకు ఇది యట్టిది.

కాలమును గూర్చిన పాటకు ముందు అనేక గడియారములు ఒక్కమారుగా మ్రోగును. శబ్దగ్రహణము చేసిన ఇంజనీరు ఆలన్ పార్సన్స్ పాతగడియారముల దుకాణమునకు పోయి, ఒక్కొక్కదాని మ్రోతను విడివిడిగా టేపున కెక్కించి తెచ్చెను. మృత్యువును గూర్చిన భాగమున పాడిన మాటలే లేవు. రైట్ పియానో వాయించుచుండగా క్లేర్ టొరీ యను గాయని కేవలము కంఠధ్వనితో ఆలాపించును. అది యేడుపో, తిరుగుబాటో, శాంతియో నిర్ణయింపజాలము. మాట చాలని చోట మాటను విడిచిపెట్టుట ప్రతి కవియు నేర్వవలసిన సంయమము.

రికార్డు మొదటి ముఖము ఇచటనే ముగియును. త్రిప్పి వేసినచో మొదట వినవచ్చునది నాణెముల గలగల! మృత్యువు ప్రక్కనే ధనమును నిలుపుటలోని వ్యంగ్యము, ఏ పాటను విడిగా విన్నను దొరకదు. ఆ పాటకు నాణెములు, కాగితము చింపు చప్పుడు, దుకాణపు నగదుపెట్టె మ్రోత తాళము వేయును. కంప్యూటరు లేని యా దినములలో టేపును కొలబద్దతో కొలిచి, సమభాగములుగా కత్తిరించి, అతికించి, వలయముగా త్రిప్పిరి. పాశ్చాత్యుల జనప్రియగీతములు తఱచుగా నాలుగు లెక్కల నడకవి. ఇది ఏడు లెక్కలది. మిశ్రచాపున కీర్తనలు విన్న చెవికి ఆ నడక క్రొత్త గాదు. గిటారు విజృంభించు చోట నడక నాలుగునకు మాఱి, పాట మరలి వచ్చునపుడు ఏడునకే చేరును.

ఇది యంత్రముల గారడి గాని కళ కాదని యాక్షేపించువారు ఉండవచ్చును. గడియారపు మ్రోత ఒంటిగా నున్నచో గారడియే. వ్యర్థమైపోయిన యౌవనమును గూర్చిన పాటకు ముందు నిలిచినపుడు అదియే హెచ్చరిక యగును. పైగా ఈ రచనను 1972లో సభలయందు వినిపించుచు, సవరించుచు, లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో నెలల తరబడి రూపొందించిరి. యంత్రము వారి శ్రమను తగ్గింపలేదు; శ్రద్ధను కోరినది.

పరీక్షలు పాఠ్యభాగములనే యడుగును, కాదనము. అయినను ఉపాధ్యాయులారా, ఏడాదికొక్కసారి యైనను ఒక కావ్యఘట్టమును ఆద్యంతము తరగతిలో చదివి వినిపింపుడు. దానికి మార్కులు వేయకుడు. విద్యార్థులారా, ఈ రచన నిడివి సుమారు 43 నిమిషములు - బడిలో ఒక పీరియడు. అంతసేపు ఫోను ప్రక్కన నుంచి, తొలి గుండె చప్పుడునుండి తుది గుండె చప్పుడు వఱకు వినుడు. నచ్చకపోయిన దోషము లేదు. పూర్తిగా విన్నవారికే నచ్చలేదని చెప్పు నర్హతయు కలుగును.