పసివాని కోపము

మా ప్రక్కవాటాలోని నాలుగేండ్ల బాలుడు, మొన్న సాయంకాలము బడినుండి వచ్చి, చెప్పులైనను విడువకమునుపే తల్లి చేతిలోని సెల్లుఫోను నడిగి, ఆమె యీయకపోగా, ఎదుటనున్న స్టీలుగ్లాసును విసరివేయ, అది పోయి నాయనమ్మ మోకాలికి తగిలెను. ఉద్యోగమునుండి యప్పుడే వచ్చిన యా తల్లి వాని వీపుమీద నొకటి వేసెను. వాడు నేలబడి, కాళ్లు తపతప కొట్టుకొనుచు, గుక్కపట్టి యేడ్చెను. “ముందు వాడికింత అన్నం పెట్టవే అమ్మాయ్, ఎప్పుడనగా తిన్నాడో!” అని, మోకాలు రాచుకొనుచునే యా వృద్ధురాలు పలికిన మాట నా చెవులలో నింకను మెదలుచున్నది.

ఆ మాట వట్టి మురిపెము కాదు. అమెరికా దేశపు మనశ్శాస్త్రజ్ఞురాలు ఫ్లారెన్సు గుడెనఫ్, పిల్లల కోపోద్రేకములను తల్లిదండ్రులచే వేళలతోసహా వ్రాయించి, పరిశీలించి, 1931లో ప్రకటించిన గ్రంథమునందు, భోజనమునకు ముందటి వేళలందును, ఒంటిలో నలతగానున్న దినములందును నవి హెచ్చుచుండుటను గుర్తించినది. కెనడాలో రిచర్డ్ ట్రెంబ్లే మున్నగు పరిశోధకులు పిల్లలను ఏండ్లతరబడి గమనించి, కొట్టుట, కరచుట, నెట్టుట రెండు మూడేండ్ల ప్రాయమున మిక్కుటమై, మాటలును నిగ్రహమును వచ్చినకొలది పెక్కుమందియందు తగ్గునని తెలిపిరి. అనగా, చేయి విసరుట యెవ్వరును నేర్పకయే వచ్చును. మానుటయే నేర్పవలసిన విద్య.

ఆ విద్యను దెబ్బతో నేర్పవచ్చునని, “దండం దశగుణం భవేత్” అని పలుకు పెద్దలతో నేనేకీభవింపజాలను. కోపము వచ్చినప్పుడు చేయిచేసికొనవచ్చునని వాడు చూచి నేర్చుకొనునది మననుండియే కదా! అరచినంతసేపు ఈయక, అరపు భరింపలేక తుదకు ఫోను చేతబెట్టుట యంతకంటె కీడు. ఎంత గట్టిగా అరచిన పని జరుగునో వానికి లెక్క తెలియును. ఉద్రేకమున నున్న పసివానికి ధర్మోపన్యాసము వినబడదు. చేతికందు వస్తువులను తొలగించి, వాని చేయి మెల్లగా పట్టుకొని, “కోపం వచ్చింది, తెలుసు, గ్లాసు మాత్రం విసరకూడదు” అని ఒక్కమాట చెప్పి, ఊపిరి కుదుటబడువరకు ప్రక్కన కూర్చుండుటయే చేయదగినది, తక్కిన మాటలు అన్నము తిన్నపిదప. ఇంత యోర్పు ఒక్క తల్లివలననే కావలెననుట అన్యాయము. “మీ నాన్న రానీ, చెప్తా” అను బెదరింపునకు మాత్రమే పనికివచ్చుచున్న తండ్రులు, ఆ సాయంకాలమున పిల్లవాని ప్రక్క కూర్చుండవలయును.

ఐదేండ్లు దాటినను ఉద్రేకము తగ్గకున్నను, మాటలు ఆలస్యమైనను, పిలిచిన పలుకకున్నను, “మొండిఘటము” అని ముద్రవేయక పరీక్ష చేయింపుడు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాస్థాయిని నేర్పడిన డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రములందు ఈ పరీక్షయు చికిత్సయు నుచితముగనే లభించును.